సంతకం మనదే, చదువు మనది కాదా?

వారానికోసారి మా బడిలో గులాబీ రంగు మాత్ర ఇస్తాం. ఒకటి నుంచి ఐదో తరగతి దాకా ముప్పై ఒక్కమంది పిల్లలు. మధ్యాహ్నం అన్నం తిన్నాక వరసలో నిలబెట్టి, ఒక్కొక్కరి చేత మింగించి, రిజిస్టర్లో టిక్కు పెట్టి, కింద నేను సంతకం పెడతాను. ఏళ్ల తరబడి పెడుతున్నాను.

ఒకరోజు మనవణ్ణి తీసుకుపోవడానికి వచ్చిన ముసలామె గుమ్మం దగ్గర నిలబడి ఇదంతా చూసింది. వరసకు నాకు దాదీ అవుతుంది. "ఏంది బేటీ అది?" అంది. రక్తం పట్టే మాత్ర దాదీ, అన్నాను. "పడుతుందని ఎవురు చెప్పినారు?" ప్రభుత్వమే ఇస్తోంది కదా అన్నాను. ఆమె వదల్లేదు. "ఎవురికి మింగించి చూసినారు? ఎన్నాళ్లు చూసినారు? మింగనోళ్లు ఎట్లుండారో గూడా చూసినారా?"

మేం మాట్లాడుకున్నది గోర్ బోలీలో. తెలుగులో రాస్తే ఆ మాటల పదును కొంత తగ్గింది. సంతకం కూడా రాని మనిషి అడిగిన ఆ మూడో ప్రశ్న నన్ను వారం రోజులు నిద్రపోనివ్వలేదు. బుక్కపట్నం డైట్‌లో డి.ఎడ్. చదివేటప్పుడు మనోవిజ్ఞానం పరీక్షకు ప్రయోగ సమూహం, నియంత్రిత సమూహం అని రెండు మార్కుల ప్రశ్నకు బట్టీపట్టి రాశాను. రెండు మార్కులూ వచ్చాయి. మాత్ర మింగిన వాళ్లను మింగని వాళ్లతో పోల్చకుండా మాత్ర పనిచేసిందని చెప్పలేం అన్నదే ఆ సమాధానం సారాంశం. అది నాకు పుస్తకంలో తెలుసు. దాదీకి బుర్రలో తెలుసు.

ఈ వ్యాసం రాస్తున్నది మనలాంటి వాళ్ల కోసమే: తండాల్లో, గూడేల్లో, ఆశ్రమ పాఠశాలల్లో పనిచేసే టీచర్ల కోసం, డిగ్రీ చదివి ఫోను చేతపట్టుకున్న మన తమ్ముళ్లు చెల్లెళ్ల కోసం. పిల్లల బరువు తూచేది మనం, మాత్ర ఇచ్చేది మనం, కాగితం మీద సంతకం పెట్టేది మనం. ఆ కాగితం వెనక ఏ పరిశోధన ఉందో, అది ఏం చెప్పిందో చదివేది మాత్రం మనం కాదు. నేను తప్పు పడుతున్నది ముందుగా నన్నే.

నేను ఎనిమిదో తరగతిలో హాస్టల్లో ఉన్నప్పుడు ఒక జీపు వచ్చింది. మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టి వేలు పొడిచి గాజు పలక మీద రక్తం తీసుకున్నారు. తలా ఒక బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చారు. బిస్కెట్ దొరికిందని సంతోషపడ్డాం. ఎందుకు తీశారో మాకు చెప్పలేదు, మా అమ్మానాన్నలకు ఎటూ తెలీదు. ఆ రక్తం ఏ లెక్కలోకి పోయిందో ఈ రోజుకీ నాకు తెలీదు.

అది వాళ్ల తప్పు అనుకుందాం. ఇరవై ఏళ్ల తర్వాత నేనే ఒక బడికి హెడ్మిస్ట్రెస్‌గా ఉన్నప్పుడు ఇంకో బృందం వచ్చింది. ఎత్తు, బరువు, రెండు చుక్కల రక్తం. ఇంగ్లీషులో రెండు పేజీల ఫారం. "తల్లిదండ్రుల్ని పిలిస్తే ఆలస్యమవుతుంది, మీరు సంతకం పెడితే చాలు మేడమ్" అన్నారు. అప్పటికే మధ్యాహ్నం రెండు దాటింది, వంట ఆయా రాలేదు, నేను చదవకుండానే పెట్టేశాను. ఇరవై ఆరు మంది పిల్లల తరఫున. ఫలితం పంపిస్తామన్నారు, రాలేదు. నేనూ అడగలేదు. అందులో ఒక పిల్ల ఆరో తరగతికి పోయిన ఏడు ప్రార్థనలో కళ్లు తిరిగి పడిపోతే ఆసుపత్రిలో హిమోగ్లోబిన్ ఆరు ఉందన్నారు. నా బడిలో తీసిన ఆ రెండు చుక్కల్లో అది ముందే కనపడిందా? కనపడి ఉంటే ఆ కాగితం ఎక్కడుంది?

ఇలాంటి సంతకాల కథ మన రాష్ట్రంలో ఒకసారి పార్లమెంటు దాకా పోయింది. అనంతపురం మెట్ట మీద ఉన్న మనకు భద్రాచలం అడవి దూరమే గానీ, ఆ కథ ప్రతి గిరిజన టీచరుకూ తెలియాలి. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో, పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేశారు. అమెరికాకు చెందిన పాథ్ అనే సంస్థ, మన ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది, టీకా మెర్క్ కంపెనీది. గుజరాత్‌లోని వడోదరలో ఇంకో కంపెనీ టీకాతో ఇదే పని నడిచింది. పిల్లల్లో చాలామంది హాస్టళ్లలో ఉండే ఆదివాసీ, దళిత ఆడపిల్లలు. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. గోల మొదలై 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తన నివేదికలో అందరినీ కడిగేసింది. అందులో నన్ను కదలనివ్వని లెక్క ఒకటుంది. ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 వేలిముద్రలు. 2,763 హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు పెట్టిన సంతకాలు.

ఆ రెండు వేల ఏడువందల సంతకాలు పెట్టినవాళ్లు రాక్షసులు కారు. మనలాంటి వాళ్లే. ఆయా రానిరోజు, మధ్యాహ్నం రెండు దాటాక, పైనుంచి ఆర్డరు వచ్చిందని పెట్టినవాళ్లే అయ్యుంటారు.

ఇక్కడే మన యువకుల్లో కొందరితో నాకు పేచీ ఉంది. ఖమ్మం మాట ఎత్తితే చాలు, "ఆ టీకా మన పిల్లల్ని చంపింది, టీకాలన్నీ కుట్ర" అని వాట్సాప్‌లో పెట్టేస్తారు. ఇక్కడ ప్రశ్నలు రెండు. టీకా వల్లే చనిపోయారా అన్నది ఒకటి. అడక్కుండా వేశారా అన్నది ఇంకొకటి. ప్రభుత్వం వేసిన విచారణ సంఘం ఒక్కో మరణాన్నీ చూసి, బావిలో పడటం, పాము కాటు, పురుగుల మందు, జ్వరం వంటి కారణాలు చెప్పి, టీకాతో సంబంధం ఉన్నట్టు కనపడలేదంది. అదే సంఘం సమ్మతి తీసుకున్న తీరు తప్పంది. స్థాయీ సంఘమేమో టీకా తర్వాత పిల్లల బాగోగులు కనిపెట్టుకునే ఏర్పాటే సరిగా లేదంది. కనిపెట్టుకోకపోతే ఏమైందో గట్టిగా చెప్పడమూ కష్టమే. అడక్కుండా వేయడం నేరం. ఆ నేరాన్ని నిరూపించడానికి టీకా విషం అనాల్సిన పని లేదు. విషం అన్నామా, రేపు టీకా మంచిదని తేలిన రోజున మన అసలు ఫిర్యాదు కూడా అబద్ధమై కూర్చుంటుంది.

నిజంగా జరిగింది కూడా అదే. ఖమ్మం గొడవతో దేశంలో హెచ్‌పీవీ టీకా పనులన్నీ ఆగిపోయాయి. అదే సమయంలో దేశంలో వేరేచోట్ల ఇంకో అధ్యయనం నడుస్తోంది. 17 వేలమందికి పైగా ఆడపిల్లలు. కొందరికి రెండు మోతాదులు, కొందరికి మూడు వేయాలన్నది పథకం. మధ్యలో ఆపేయడంతో వేలమందికి ఒక్క మోతాదే పడింది. పరిశోధకులు వాళ్లను వదిలేయకుండా పదేళ్లు వెంట నడిచి చూశారు. క్యాన్సర్ తెచ్చే రెండు ముఖ్యమైన వైరస్ రకాలు ఒంట్లో తిష్ఠ వేయకుండా ఒక్క మోతాదు కూడా 95 శాతం దాకా కాపాడిందని 2021లో ప్రచురించారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క మోతాదైనా సరిపోతుందని చెప్పడానికి పనికొచ్చిన ఆధారాల్లో ఇదొకటి. మన అడవి పిల్లల తల్లులు వేసిన కేక ఒక రకంగా ప్రపంచానికి ఒక జవాబు సంపాదించి పెట్టింది. ఆ జవాబును వెనక్కి తీసుకొచ్చి ఆ తల్లులకు ఎవరైనా చెప్పారా?

పరిశోధన అంటేనే మనల్ని దోచుకోవడం అనే మాట మన సభల్లో తరచూ వింటాను. కోపం నాకు అర్థమవుతుంది. కానీ 1974 సంగతి వినండి. రాజస్థాన్ బాంస్‌వాడా, గుజరాత్ పంచమహల్ ప్రాంతాల్లో భిల్లు ఆదివాసీ పల్లెల్లో జనం కామెర్లతో, పొట్ట ఉబ్బి పడిపోసాగారు. 397 మందికి జబ్బు, 106 మంది మరణం. మన హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు పోయి ఇల్లిల్లూ తిరిగారు. అదే తిండి తిన్న కుక్కలు కూడా చచ్చిపోయాయని గమనించారు. జబ్బు ఒకరి నుంచి ఒకరికి అంటుకోవడం లేదు, మొక్కజొన్న తిన్న ఇళ్లలోనే ఉంది. అకాల వానలకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్నలో అఫ్లాటాక్సిన్ అనే విషం. ఆ బూజుకు మన చెనిక్కాయ అంటే ఇంకా ఇష్టం. కరువులో ఎండి పగిలిన కాయలోకి అది సులువుగా దూరుతుంది. నల్లబడ్డ పప్పును మా అమ్మ ఏరి పారేసేది, ఇప్పుడు మనం చిక్కీల్లో, చట్నీల్లో రంగు చూడకుండా తింటున్నాం. భిల్లుల చావుల నుంచి వచ్చిన ఆ జ్ఞానం అనంతపురంలో ప్రతి రైతు ఇంటికీ పనికొస్తుంది. పరిశోధనను తిట్టి పారేస్తే దీన్నీ పారేసినట్టే.

దాదీ మూడో ప్రశ్న ఉంది చూడండి, మింగనోళ్లు ఎట్లుండారని. దానికి సరైన ఉదాహరణ మన తెలుగు నేల మీదే ఉంది. 1987 నుంచి 1990 దాకా హైదరాబాద్ చుట్టుపక్కల 29 ఊళ్లు తీసుకున్నారు. 15 ఊళ్లలో అంగన్‌వాడీ పోషకాహారం అప్పటికే మొదలైంది, 14 ఊళ్లకు ఇంకా రాలేదు. వచ్చిన ఊళ్లలో గర్భిణులకు, బాలింతలకు రోజుకు సుమారు 500 కేలరీలు, చిన్నపిల్లలకు 300 కేలరీలు అందేలా మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో ఉప్మా పెట్టారు.  దాంతో పాటు టీకాలు, ఇతర ప్రజారోగ్య సేవలు కూడా ఆ ఊళ్లలో అందాయి. అప్పుడు కడుపులో ఉన్న బిడ్డలు పదమూడు, పద్దెనిమిదేళ్ల మధ్య వయసుకు వచ్చాక 2003 నుంచి 2005 దాకా మళ్లీ పోయి 1,165 మందిని పరీక్షించారు. 2008లో ఫలితం ప్రచురించారు. ఉప్మా తిన్న ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు ఉన్నారు. ఇన్సులిన్ మాట ఒళ్లు వినకపోవడం, అంటే షుగరు జబ్బుకు తొలిమెట్టు, వాళ్లలో సుమారు 20 శాతం తక్కువ. రక్తనాళాల బిరుసూ తక్కువే.

దీన్ని ఎలా చదవాలి? 14 మిల్లీమీటర్లంటే చిటికెన వేలి వెడల్పు. "ఇంతేనా" అంటాడు ఒకడు. అంగన్‌వాడీ ఉప్మా షుగరు రాకుండా ఆపుతుందని ఇంకొకడు పోస్టరు వేస్తాడు. ఇద్దరూ సరిగా చదవలేదు. మొదటివాడు సగటు అన్నమాట మరిచాడు. వందల మంది పిల్లల సగటు ఒక వేలి వెడల్పు జరిగిందంటే, గిడసబారి పోయే అంచున ఉన్న పిల్లలు కొందరు గట్టున పడ్డారని అర్థం చేసుకోవచ్చు. రెండోవాడు పదిహేనేళ్ల పిల్లల్లో కొలిచినదాన్ని యాభై ఏళ్ల వాళ్ల జబ్బుగా చదివేశాడు. పిల్లలకు షుగరు వచ్చిందా లేదా అని ఆ అధ్యయనం చూడలేదు, చూసే వయసు కాదు. ఇంకొకటి. ఏ ఊరికి ఉప్మా, ఏ ఊరికి లేదు అన్నది చీటీ వేసి తేల్చలేదు, పథకం ఎటు ముందు పోయిందో దాన్నిబట్టి జరిగింది. రెండు రకాల ఊళ్ల మధ్య ముందునుంచే వేరే తేడాలు ఉండి ఉండొచ్చు. పుట్టిన పిల్లలందరూ పదిహేనేళ్ల తర్వాత దొరకలేదు కూడా. ఈ లోపాలను పరిశోధకులే తమ వ్యాసంలో రాసుకున్నారు. నిజాయితీ గల పరిశోధనకు అదే గుర్తు. లోపం ఒక్కటీ చెప్పని కాగితాన్ని నేను నమ్మను.

లోపాలన్నీ పోయినా నాకు మిగిలేది ఒక్కటే: కడుపుతో ఉన్న మనిషికి రోజూ పిడికెడు తిండి ఎక్కువ పెడితే దాని గుర్తు బిడ్డ ఒంట్లో పదిహేనేళ్ల తర్వాత కూడా కనపడుతుంది. తండాలో నెలలు నిండిన కోడలు చెనిక్కాయ పీకే పనికి పొద్దున ఉత్త టీ తాగి పోతుంటే నేను చూస్తూ ఊరుకోకపోవడానికి ఆ ఒక్కటి చాలు.

అంకెల మాట వచ్చింది కాబట్టి రక్తహీనత అంకె చూద్దాం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో 58.6 శాతం మందికి రక్తం తక్కువ. దాదాపు అదే కాలంలో, 2016 నుంచి 2018 దాకా జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల్లో అది 41 శాతం. ఒకే దేశం, ఒకే పిల్లలు, అంకెలో ఇంత తేడా. వయసు గీత కొంచెం వేరు, ఏడాదిలోపు పసివాళ్లలో రక్తం తక్కువ ఉన్నవాళ్లు ఎక్కువ, అది కొంత కారణం. కానీ పెద్ద కారణం వేలు. మొదటి సర్వేలో వేలు పొడిచి చుక్క తీశారు. రెండోదాంట్లో నరం నుంచి తీసి ప్రయోగశాలలో చూశారు. వేలిని పిండితే రక్తంతో పాటు ఒంట్లోని నీరు కూడా వస్తుంది, రక్తం పలచగా కనపడుతుంది. మన పిల్లల రక్తం ఎంత అన్నది ఎక్కడ పొడిచారన్న దాన్ని బట్టి మారుతుంది. "సగానికి పైగా" అని ఎవరైనా ఉపన్యాసం ఇస్తే, ఎక్కడ పొడిచారు సార్ అని అడగండి. కోపం తెచ్చుకుంటే వాళ్లూ చదవలేదన్నమాట.

41 కూడా తక్కువేం కాదు. అందుకే మాత్ర ఇవ్వొద్దని నేననను.

ఆ అంకెల మీదే బియ్యం కథ నడిచింది. 2021 ఆగస్టు 15న ఎర్రకోట మీద ప్రధాని ప్రకటించారు, 2024 కల్లా రేషను, బడి, అంగన్‌వాడీ బియ్యమంతా ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపినదే అని. బియ్యప్పిండిలో వాటిని కలిపి మళ్లీ గింజలా ఒత్తి, వంద కిలోలకు ఒక కిలో చొప్పున కలుపుతారు. కడిగేటప్పుడు ఆ గింజ తేలింది. మా తండాలో "ప్లాస్టిక్ బియ్యం" అన్నారు, ఏరి కోళ్లకు వేశారు. తప్పు తండాదా? గింజ కలపడానికి ముందు ఒక్క మనిషి వచ్చి ఇదేమిటో చెప్పి ఉంటే ఆ పుకారే పుట్టేది కాదు.

దీనికంటే పెద్ద సంగతి సికిల్ సెల్. మన సుగాలీ తండాల సంగతి పక్కన పెట్టి ఏజెన్సీ ఆదివాసీల వైపు చూడండి. సికిల్ సెల్ ఉన్నవాళ్లు ఇనుము కలిపిన ఆహారం తినొద్దని, తలసేమియా ఉన్నవాళ్లు డాక్టరు సలహాతోనే తినాలని ఆహార భద్రతా సంస్థ నియమాల్లోనే ఒక హెచ్చరిక ఉండేది. 2024లో నిపుణుల సంఘం చూసి, బియ్యంలోని ఇనుము వాళ్లకు హాని చేసేంత కాదని చెప్పాక కేంద్రం ఆ హెచ్చరిక తీసేసింది. సంఘం చెప్పింది సరైనదే కావచ్చు. తలసేమియా పిల్లలకు ఎక్కించే రక్తంలో వచ్చే ఇనుము ముందు ఈ బియ్యంలోది చాలా తక్కువ, అందులో అర్థముంది. నా పేచీ వరసతో. దేశంలో సికిల్ సెల్ ఎవరికుందో వెతకడానికి ఏడు కోట్ల మందిని పరీక్షించే మిషన్ మొదలైంది 2023 జూలైలో. బియ్యం అంతకుముందే హాస్టల్ గుండిగలోకి వచ్చింది. ఎవరికి జబ్బుందో తెలియకముందు, తినొద్దన్న హెచ్చరిక ఉండగానే, ఆ మూట మీది చిన్న అక్షరాలను వంట ఆయాకు ఎవరు చదివి చెప్పారు? ముందు పరీక్ష, తర్వాత తిండి అన్న వరస పట్నం పిల్లల విషయంలో ఎవరైనా ఇలా తిరగేస్తారా?

ఇక మనవైపు అబద్ధాలు. మా చిన్నాయనకు షుగరు. మాత్రలు వాడుతుండేవాడు. ఎవరో పంపిన వీడియోలో కొర్రలు, అరికెలు తింటే షుగరు మూలంతో సహా పోతుందని, మాత్రలే అసలు విషమని విన్నాడు. మాత్ర మానేశాడు. కొర్ర గంజి తాగుతూ ఎనిమిది నెలలు హాయిగా తిరిగాడు. తర్వాత కాలికి ముల్లు గుచ్చుకుని పుండు మానలేదు. రెండు వేళ్లు తీసేశారు. వీడియో పంపినవాడు పరామర్శకు కూడా వచ్చాడు, అరటిపళ్లు తెచ్చాడు.

కొర్రల మీద నిజంగానే పరిశోధన ఉంది. పటాన్‌చెరు దగ్గరి ఇక్రిశాట్, జాతీయ పోషకాహార సంస్థ తదితరులు కలిసి 2021లో 65 అధ్యయనాల ఫలితాలను కూడి చూశారు. చిరుధాన్యాలు తిన్న షుగరు రోగుల్లో పరగడుపు షుగరు, తిన్నాక షుగరు 12 నుంచి 15 శాతం తగ్గాయన్నారు. మంచి వార్తే. లెక్క వేయండి. 300 ఉన్న మనిషికి 15 శాతం తగ్గితే 255. అది ఇంకా షుగరే. ఆ అధ్యయనాల్లో చాలావరకు చిన్నవి, కొద్ది రోజులో కొద్ది నెలలో నడిచినవి. వాటిలో ఏదీ మాత్ర మానెయ్యమని చెప్పలేదు. ఇక్రిశాట్ చిరుధాన్యాల మీద పనిచేసే సంస్థ అన్నది కూడా మనసులో పెట్టుకుని చదవాలి. అనుమానించమని కాదు, తన పంట గురించి రైతు చెప్పే మాటను విన్నట్టు వినమని.

జబ్బు రాకముందు మాట వేరు. చెన్నైలో షుగరు అంచున ఉన్న 531 మందిని మూడేళ్లు చూసిన అధ్యయనం 2006లో వచ్చింది. మామూలు సలహా మాత్రమే ఇచ్చిన వాళ్లలో వందకు 55 మందికి షుగరు వచ్చింది. నడక, తిండి మార్చుకున్న వాళ్లలో 39 మందికి. మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకున్న వాళ్లలో సుమారు 40 మందికి. నడకా మాత్రా సమానంగా పనిచేశాయి. రెండూ చేసినా ఇంకా ఎక్కువ తగ్గలేదు. వందలో పదహారు మంది తప్పించుకున్నారు, నడిచినా 39 మందికి వచ్చింది. ఈ మూడు అంకెల్ని మా బడిలో ఐదో తరగతి పిల్లలకు తీసివేత లెక్కగా ఇచ్చాను. చేశారు. చిన్నాయనకు ఇది ముందే ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన నేను ఆ ఏడంతా జనాభా లెక్కల పేపర్లలో మునిగి ఉన్నాను అనుకోవడానికి లేదు, ఖాళీగానే ఉన్నాను.

మన పాత తిండిని పొగిడేవాళ్ల మీద నాకింకో చిరాకు ఉంది. నా చిన్నప్పుడు జొన్న బాటి, మేక రక్తంతో వండే సళోయి తింటామని హాస్టల్లో మమ్మల్ని వెక్కిరించారు. ఆకుకూరల ఇనుము కంటే మాంసం, రక్తంలోని ఇనుము ఒంటికి ఎక్కువ పడుతుందని ఇప్పుడు ఏ పోషకాహార పుస్తకమైనా చెబుతుంది. సిగ్గుపడి మానేసిన తిండి పోయి, దాని చోట గులాబీ మాత్ర వచ్చింది. ఇది నిజమే. కానీ మా తాతల కాలంలో అందరూ గట్టిగా ఉండేవాళ్లన్నది నిజం కాదు. చనిపోయిన పసిబిడ్డలను లెక్కపెట్టం కాబట్టి అలా అనిపిస్తుంది. మా నానమ్మ తొమ్మిదిమందిని కని నలుగుర్ని పెంచింది.

మరి ఏం చేయాలి? తీరిక లేదంటాం, ఇంగ్లీషు రాదంటాం. ఫోను ఉంది, డిగ్రీ చదివిన పిల్లలున్నారు. మందుల పరీక్షలను ముందుగా నమోదు చేయాలని 2009 నుంచి నియమం ఉంది, సీటీఆర్‌ఐ అనే ఆ రిజిస్టరు ఎవరైనా ఉచితంగా తెరిచి చూడొచ్చు. బృందం వస్తే మీ నమోదు సంఖ్య ఎంత అని అడగొచ్చు. ఐసీఎంఆర్ 2017 నీతి మార్గదర్శకాల ప్రకారం పిల్లల మీద పరిశోధన చేయాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలి, ఏడేళ్లు దాటిన పిల్లల అంగీకారం కూడా అడగాలి, విషయం వాళ్లకు తెలిసే భాషలో చెప్పాలి. టీచరు సంతకం తల్లి సంతకానికి బదులు కాదు. కోక్రేన్ అనే సంస్థ ప్రపంచంలోని అధ్యయనాలను కూడి, మామూలు మనిషికి అర్థమయ్యే సారాంశం ఇస్తుంది. నేను దాదీకి జవాబు అక్కడే వెతుక్కున్నాను, మా మేనల్లుడు పక్కన కూర్చుని చదివిపెట్టాడు. 2011లో వాళ్లు 33 అధ్యయనాలు కూడారు. ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా దేశాల్లో 13 వేలకు పైగా పిల్లలు. రోజూ కాకుండా వారానికి ఒకసారో రెండుసార్లో ఇనుము మాత్ర మింగిన పిల్లల్లో, మింగని వాళ్లతో పోలిస్తే, రక్తహీనత ముప్పు సగం దాకా తగ్గింది. రోజూ ఇస్తే ఇంకొంచెం నయం.

పోయి దాదీకి చెప్పాను. మింగనోళ్లను గూడా చూసినారు దాదీ, వాళ్లలో ఇద్దరికి రక్తం తగ్గితే మింగినోళ్లలో ఒకరికి తగ్గిందంట. ఆమె విన్నది. కాసేపు ఊరుకుని, "మరి మీరు అన్నం కాగానే మాత్ర, మాత్ర కాగానే ఇంటికొచ్చి టీ తాగుతారే పిల్లోళ్లు, దాని సంగతి గూడా చూసినారా?" అంది. టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదన్నది చాలాకాలంగా తెలిసిన విషయం. నాకు చదివాక తెలిసింది, ఆమెకు ఎట్లా తోచిందో. ఇప్పుడు మాత్ర రోజున బడి వదిలేటప్పుడు టీ తాగొద్దని చెప్పి పంపిస్తున్నాం, ఎవరింట్లోనైనా నిమ్మకాయ ఉంటే తెమ్మంటున్నాం.

పోయిన నెల ఇంకో బృందం వచ్చింది. పిల్లల చేతి వేళ్లు, పళ్లు చూస్తారట, మూత్రం తీసుకుంటారట. ఫ్లోరైడు మీద అయ్యుండొచ్చు, మా నీళ్లు అలాంటివే, అవసరమైన పనే. ఫారం ఇంగ్లీషులో ఉంది. తెలుగు కాపీ కావాలన్నాను. ఆదివారం సాయంత్రం అయితే తల్లులంతా తండాలో ఉంటారు, అప్పుడొచ్చి చెప్పండి, నేను గోర్ బోలీలో తిప్పి చెబుతాను అన్నాను. ఏ పిల్లకు ఏం కనపడిందో ఆ పిల్ల ఇంటికి కాగితం పంపిస్తామని రాసివ్వమన్నాను. వచ్చిన అబ్బాయి మంచివాడే, మనలాంటి ఇంటి పిల్లాడే అనిపించాడు. "పైన అడిగి చెప్తాను మేడమ్" అన్నాడు. ఫారాలు నా దగ్గరే వదిలిపోయాడు. ముప్పై ఒక్క కాగితాలు, సంతకం లేకుండా, బీరువాలో మాత్రల డబ్బా పక్కన ఉన్నాయి.